నొప్పి సంగతి మర్నాడు తేల్చండి

కాళ్లు పీకుతాయి. నడుము పట్టేస్తుంది. మెడ గుంజుతుంది, మడమలో పోటు పొడుస్తుంది, మోకాలు కలుక్కుమంటుంది, నరం జివ్వుమని లాగుతుంది, పిక్కలు కొంకర్లు పోతాయి, ఛాతీ బరువెక్కుతుంది. ఒంట్లో ఏ మూల ఏ తీరున బాధ పుట్టినా దానికో మాట ఉన్న భాష మనది. అలాంటి మనం ట్రాక్ ప్యాంటు వేసుకుని పార్కులోనో జిమ్‌లోనో అడుగుపెట్టగానే ఇవన్నీ మరిచిపోయి 'పెయిన్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. మాట ఒక్కటే అయ్యేసరికి జవాబులూ రెండే మిగిలాయి. జిమ్‌కెళ్లే కుర్రాడికి దొరికే జవాబు: ఓర్చుకో, నొప్పి ఉంటేనే కండ వస్తుంది. వాళ్లమ్మకు దొరికేది: మోకాళ్లు నొప్పంటున్నావుగా, నడక మానెయ్. ఒకే ఇంట్లో, ఒకే పూట ఈ రెండు సలహాలూ వినిపిస్తాయి. రెండూ తప్పే. పైకి ఎడమొగం పెడమొగంగా కనిపించినా రెండూ చేసే పొరపాటు ఒకటే: నొప్పి ఉందా లేదా అన్నంతవరకే చూడటం. అది ఏ రకం నొప్పి, ఎంత నొప్పి, మర్నాడు పొద్దున లేచేసరికి ఏమైంది అని మూడు ప్రశ్నలు వేస్తే తప్ప వ్యాయామం మానాలో, తగ్గించాలో, సాగించాలో తేలదు. ఈ మూడింటిలో మనం బొత్తిగా అడగనిది మూడోది. చాలా సందర్భాల్లో తీర్పు చెప్పాల్సింది అదేనని నా వాదన.

ముందు కుర్రాడి సంగతి. నొప్పి లేనిదే ఫలితం లేదన్న నినాదాన్ని 1982 నుంచి అమెరికా నటి జేన్ ఫోండా వ్యాయామం వీడియోలు ఇళ్లలోకి తెచ్చాయి. మంట తెలిసేదాకా చెయ్యాలన్నది ఆవిడ ఊతపదం. నలభై ఏళ్లు దాటినా మన జిమ్ గోడల మీద అదే పోస్టరు, కండల బొమ్మ మాత్రం మారుతుంటుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. బస్కీలు తీస్తుంటే ఇరవయ్యో ఇరవై అయిదో దాటాక తొడల్లో పుట్టే మంట, కండరం గట్టిగా పనిచేస్తోందనడానికి గుర్తే. ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో చల్లారిపోతుంది, దానివల్ల హాని లేదు. ఆ మంటనీ, మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పినీ, కీలులో కలుక్కుమన్న పోటునీ ఒకే గాటన కట్టడంతోనే చిక్కు మొదలవుతుంది. మర్నాటి నొప్పికి కారణం లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమేనని చెప్పే కోచ్‌లు ఇప్పటికీ ఉన్నారు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పేమో మర్నాటికి గానీ రాదు. 1983లో అమెరికా పరిశోధకులు కొందరిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూశారు. సమతలం మీద పరుగెత్తినప్పుడు లాక్టేట్ బాగా పెరిగింది, తర్వాత నొప్పి మాత్రం రాలేదు. పల్లానికి పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెరగనే లేదు, కాళ్లు మాత్రం పట్టేశాయి.

ఎందుకలా జరుగుతుందో అలిపిరి నుంచి తిరుమల కొండకు నడిచినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. ఆ దారిలో 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి తొడలు మండిపోతుంటాయి. దర్శనం చేసుకుని బస్సులో దిగిపోయినవాళ్ల కాళ్లు మర్నాడు కాస్త బరువుగా ఉంటాయి, అంతే. అలవాటు లేకుండా అదే దారిన మెట్లు దిగినవాళ్లను మర్నాడు చూడాలి. మేడ మెట్లు దిగడానికి కమ్మీ పట్టుకుని, పీతలా పక్కకు తిరిగి, ఒక్కొక్క అడుగే వేస్తారు. కుర్చీలో కూర్చోవాలంటే చేతుల మీద బరువు మోపి ఒక్కసారిగా కూలబడతారు. మెట్టు దిగిన ప్రతిసారీ తొడ ముందు కండరం ఒంటి బరువు ముందుకు పడిపోకుండా బ్రేకు వేస్తుంది. ఒకపక్క ముడుచుకోవాలని లాగుతూనే మరోపక్క సాగిపోతూ ఉంటుంది. తాడు లాగే పందెంలో ఓడిపోతున్న జట్టు తీరు అది: మడమలు నేలకు తన్నిపెట్టి శాయశక్తులా లాగుతూనే ముందుకు జారిపోవడం. అలా సాగుతూ పనిచేసినప్పుడు కండరపు పోగుల్లో అతి సన్నని చోట్ల అమరిక చెదురుతుంది. తర్వాత అక్కడ వాపు పుడుతుంది, నరాల చివర్లు సున్నితమవుతాయి. అందుకే ఆ నొప్పి తీరిగ్గా వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తనంత తానే పోతుంది. ఈ ఆలస్యపు నొప్పికి కండరంలోని చిన్న చిరుగులే కారణమై ఉంటాయని థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. ఇంకో విశేషం ఉంది. అదే మనిషి రెండు మూడు వారాల తర్వాత మళ్లీ అన్నే మెట్లు దిగితే నొప్పి మొదటిసారంత ఉండదు. కండరం ఒక్కసారికే పాఠం నేర్చుకుంటుంది. జిమ్ పోస్టరు చించెయ్యడానికి ఈ ఒక్క సంగతి చాలు. ఒళ్లు నొప్పులు కొత్త పనికి కొలత, ఫలితానికి కాదు. ఆర్నెల్లుగా నింపాదిగా బరువులు పెంచుకుంటూ వచ్చినవాడికి నొప్పులు పెద్దగా ఉండవు. బలం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఓర్చుకోమనే సలహా ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. నెలల తరబడి కదలకుండా ఉండి, మొదటిరోజే పంతం పట్టి వందల బస్కీలు తీసినవాళ్లలో కండర కణాలు పెద్ద ఎత్తున పగిలిపోవచ్చు. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తొడలు రాయిలా బిగుసుకుంటాయి, మూత్రం కోలా రంగులోకి మారుతుంది. ఇంట్లో వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ కూర్చునే జబ్బు కాదది, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాల్సినది.

అయినా ఆటగాళ్లు నొప్పి ఓర్చుకునే కదా గెలుస్తున్నారని అంటారు. నిజమే. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు కాలి నొప్పితోనే ఆడి స్వర్ణం తెచ్చింది. క్వార్టర్ ఫైనల్లోనే నొప్పి మొదలైందని తర్వాత ఆమే చెప్పింది. ఇంటికొచ్చి స్కాన్ తీయిస్తే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్లలేకపోయింది. మళ్లీ కోర్టులో కనిపించింది 2023 జనవరిలో. ఈ కథలో పతకం ఉంది, దాని ధర కూడా ఉంది. పక్కన ఫిజియో, కోచ్ ఉండగా, జీవితంలో కొన్నిసార్లే వచ్చే ఒక ఫైనల్ కోసం ఆమె తెలిసి కట్టిన ధర అది. కూకట్‌పల్లిలో సాయంత్రం షటిల్ ఆడే నలభై ఏళ్ల ఉద్యోగికి ఏ ఫైనలూ లేదు. పాదం ఎముక మీద ఒకేచోట వేలు పెడితే చురుక్కుమంటూ, ఆడేకొద్దీ పెరిగే నొప్పితో ఆయన మరో గేమ్ ఆడితే మిగిలేది ప్లాస్టరే.

ఇక ఆ కుర్రాడి తల్లి సంగతి. అసలు నష్టం ఇక్కడే ఎక్కువ జరుగుతోంది, కానీ దీని గురించి పోస్టర్లూ లేవు, టీవీ చర్చలూ లేవు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2022లో మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. ఆడవాళ్లలో ఇది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. వీళ్లందరూ బద్ధకంతో కూర్చున్నవాళ్లనుకుంటే పొరపాటు. నడక మొదలుపెట్టి, మోకాలు నొప్పి పుట్టి, ఎవరో ఒకరు వద్దంటే ఆగిపోయినవాళ్లూ అందులో ఉంటారు. ఆ వద్దనడానికి వెనకున్నది ఒకే ఒక్క మాట: అరిగిపోయాయి. ఎక్స్‌రే పైకెత్తి చూపించి 'గుజ్జు అరిగిపోయిందమ్మా' అనగానే ఆవిడ మనసులో బండి ఇరుసు మెదులుతుంది. తిప్పేకొద్దీ అరుగుతుంది కాబట్టి తిప్పకుండా దాచుకోవాలి. మెట్లెక్కద్దు, కింద కూర్చోవద్దు, గుడికి కూడా ఆటోలోనే.

కానీ కీలు ఇరుసు కాదు, బతికున్న కణజాలం. మోకాలి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి తిండి చుట్టూ ఉన్న కీలు ద్రవంలోంచే అందాలి. స్పాంజిని నీళ్లలో నొక్కి వదిలితే పాత నీరు పోయి కొత్త నీరు పీల్చుకున్నట్టు, అడుగు వేసినప్పుడు పడే ఒత్తిడి, ఎత్తినప్పుడు కలిగే సడలింపు ఆ ద్రవాన్ని లోపలికీ బయటికీ ఆడిస్తాయి. కదలని కీలు ఆకలితో ఉన్న కీలు. సరదాగా పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి ఆర్థరైటిస్ 3.5 శాతం మందికి ఉంటే, పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం మందికి, పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం మందికి ఉందని 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో తేలింది. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగులో మిగులుతారు కదా అన్న అనుమానం న్యాయమైనదే. పరుగు వల్లనే ఈ తేడా మొత్తం వచ్చిందని నేననను. కానీ మోకాలు వాడితే అరిగిపోయే వస్తువే అయితే మొదటి అంకె రెండోదానికన్నా ఎక్కువ ఉండాలి. మూడో అంకె కూడా చూడండి. మోతాదు మించితే అదే పరుగు చెరుపు చేస్తుందనడానికి అదో సూచన.

ఎక్స్‌రే, స్కానుల సంగతి కూడా తేల్చుకోవాలి. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, యాభై దాటి, ఎక్స్‌రేలో ఆర్థరైటిస్ కనిపించని 710 మంది మోకాళ్లను ఎంఆర్ఐ తీశారు. 89 శాతం మందిలో ఏదో ఒక లోపం బయటపడింది. మోకాలు ఎన్నడూ నొప్పి పెట్టనివాళ్లలో కూడా దాదాపు అంతే. అంటే ఆ స్కానుల్లో కనిపించే అరుగుదలలో చాలా భాగం తల నెరవడం లాంటిదే. నెరిసిన జుట్టును చూసి తలనొప్పికి అదే కారణమని ఎవరూ అనరు. నడుము నొప్పి విషయంలోనూ మనం ఇలాగే పడక వేశాం. 1995లో హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల్లో నడుము పట్టేసిన 186 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు రెండు రోజులు మంచం మీద, ఒక గుంపు నడుము వ్యాయామాలతో, మూడోది ఓపినంత మేరకు తమ మామూలు పనులు చేసుకుంటూ. అందరికన్నా ముందు కోలుకున్నది మూడో గుంపు. వెనకబడింది మంచం పట్టినవాళ్లు. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాలకు 1978లో ఆంగ్లంలో పొట్టిపేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ కూడా, పూర్తి విశ్రాంతీ ఐసూ కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో తన మాట తానే దిద్దుకున్నాడు. మన ఇళ్లలో మాత్రం ఆ పాత సూత్రమే నడుస్తోంది.

నొప్పి ఉంటే లోపల ఏదో చెడిపోతున్నట్టే కదా, ఇంగితం అదే చెబుతుంది కదా అనే ప్రశ్న ఇక్కడ తప్పదు. ఇంగితం ఇక్కడ సగం దారిలో ఆగిపోతుంది. 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధభూమిలో తీవ్రంగా గాయపడిన సైనికుల్ని హెన్రీ బీచర్ అనే వైద్యుడు అడిగి చూస్తే, మందు కావాలన్నంత నొప్పి ఉందన్నవాళ్లు నాలుగో వంతు మందే. గాయం పెద్దది, నొప్పి చిన్నది. దీనికి తలకిందుల సంగతి 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 29 ఏళ్ల భవన కార్మికుడొకడు 15 సెంటీమీటర్ల మేకు మీదికి దూకాడు. అది బూటు అడుగు నుంచి పైకి పొడుచుకొచ్చింది. ఏమాత్రం కదిలినా భరించలేక అల్లాడుతుంటే మత్తు ఇచ్చి మేకు లాగారు. బూటు విప్పి చూస్తే మేకు కాలివేళ్ల సందులోంచి వెళ్లింది. పాదానికి గీత కూడా లేదు. అతను నటించలేదు, ఆ నొప్పి నిజమైనదే. నొప్పి అనేది దెబ్బతిన్న కణజాలం మీటరులా చూపించే అంకె కాదని, ముప్పు ఎంత ఉందో మెదడు వేసుకున్న అంచనా అని చెప్పడానికే ఈ ఉదాహరణలు. కాపలా కుక్క అరిచిన ప్రతిసారీ దొంగ వచ్చినట్టు కాదు. ఏళ్ల తరబడి నొప్పితో ఉన్న మోకాలి దగ్గర కాపలా కుక్క ఆకు కదిలినా అరుస్తుంది. దాన్ని కొట్టి నోరు మూయించడమూ కుదరదు, అది అరిచిందని ఇల్లు వదిలి పోవడమూ కుదరదు. ఫర్వాలేదని దానికి రోజూ కొంచెం కొంచెం అలవాటు చేయాలి.

అలా అలవాటు చేయడం ఎలాగో స్వీడన్ వాళ్లు పిక్క కింది నరం మీద, అంటే మడమకు పైనుండే అకిలిస్ స్నాయువు మీద చేసి చూపించారు. 1998లో ఉమియో నగరంలో హోకాన్ ఆల్ఫ్రెడ్సన్ అనే సర్జన్, ఆ స్నాయువు నొప్పితో పరుగు మానేయాల్సి వచ్చిన 15 మందికి ఒక వ్యాయామం ఇచ్చాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి, మడమను నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. పైకి లేవడానికి రెండో కాలు సాయం పట్టాలి. మోకాలు చాపి కొన్ని, కాస్త వంచి కొన్ని, రోజుకు 180 సార్లు, 12 వారాలు. నొప్పి పుడుతుంది, అయినా ఆపొద్దు, కాలు కదపలేనంత అయితేనే ఆపండి అన్నాడు. పదిహేను మందీ మళ్లీ పరుగుకు వెళ్లారు. పదిహేను మందితో ప్రపంచాన్ని ఒప్పించలేం. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు అంత నిండుగా లేవు కూడా. అయితే 2007లో అదే దేశంలో సిల్బర్నాగెల్ బృందం అసలు ప్రశ్న వేసింది. అదే జబ్బున్న 38 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఆరు వారాలు పరుగూ గెంతులూ మానమన్నారు, మరో గుంపును షరతులతో కొనసాగించమన్నారు. రెండు గుంపులకూ ఒకే వ్యాయామం. ఏడాది తర్వాత పరుగెత్తినవాళ్లు మానినవాళ్లకన్నా ఏమీ నష్టపోలేదు. ఆ షరతులే నేను మొదట్లో చెప్పిన మూడో ప్రశ్నకు మూలం.

ఆ షరతుల్ని మన లెక్కలో చెప్పుకుందాం. నొప్పి ఎంత తగ్గిందని అడిగితే 'రూపాయికి పావలా వంతు' అనడం మన పెద్దవాళ్లకు అలవాటు. భరించలేని నొప్పి రూపాయి అనుకుంటే, వ్యాయామం చేస్తుండగా పావలా లోపు నొప్పి ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అర్ధరూపాయి దాకా ఒప్పుకోవచ్చు, కానీ ఒక షరతు మీద: మర్నాడు పొద్దున మంచం దిగి వేసే తొలి పది అడుగుల్లో అది నిన్నటి పొద్దుటికన్నా ఎక్కువ ఉండకూడదు. వారం మీద వారం పెరుగుతూ పోకూడదు. అర్ధరూపాయి దాటినా, మర్నాటికి ఎక్కువైనా వ్యాయామం మానడం కాదు, ఆ రోజు చేసినదాంట్లో మూడో వంతో సగమో తగ్గించడం. నలభై నిమిషాల నడక పాతిక అవుతుంది. ఎత్తుపల్లాల దారి చదునైన దారి అవుతుంది. రెండు రోజులు చూసి మళ్లీ పెంచుకోవచ్చు. డెన్మార్క్‌లో 2013 నుంచి తుంటి, మోకాలి ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు దేశవ్యాప్తంగా నడుపుతున్న శిక్షణ కార్యక్రమంలోనూ నొప్పి ఉండగానే, దాన్ని ఇలాగే గమనించుకుంటూ వ్యాయామం చేయిస్తారు. అలాగని నొప్పి పుట్టించుకుంటూ చెయ్యాల్సిన పనీ లేదు. దీర్ఘకాలిక కీళ్ల, కండరాల నొప్పులున్నవాళ్ల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2017లో చూస్తే, నొప్పితో చేసినవాళ్లకు మొదట్లో స్వల్పంగా మేలు కనిపించింది, పోనుపోను నొప్పి లేకుండా చేసినవాళ్లతో సమానమైపోయారు. అంటే ఆ అర్ధరూపాయి నొప్పికి మనం అనుమతి ఇస్తున్నాం, అంతే. దాన్ని లక్ష్యం చేసుకోనక్కర్లేదు.

ఈ తీర్పు మామూలు మనుషుల చేతిలో పెట్టడం ప్రమాదం కాదా అని డాక్టర్లు అడగవచ్చు. బలమైన అభ్యంతరమే, ఎందుకంటే మర్నాటి దాకా ఆగకూడని నొప్పులు కొన్ని ఉన్నాయి. నడుస్తుంటేనో మెట్లెక్కుతుంటేనో ఛాతీ మధ్యలో బరువో బిగువో మొదలై, దవడకో చేతికో వీపుకో పాకి, ఆగితే తగ్గిపోయే బాధను మనవాళ్లు గ్యాస్ అంటారు. సోడా తాగి కూర్చుంటారు. ఆగితే తగ్గడమే దాని మోసం. తొడల మంట ఆగితే తగ్గడం మంచికి, ఛాతీ బరువు ఆగితే తగ్గడం గుండెకు రక్తం చాలడం లేదనడానికి. అందుకే ఏ రకం నొప్పి అన్న ప్రశ్న ముందుండాలి. ఆ బరువు ఆగినా తగ్గకపోతే, చెమటలు పడితే, వెంటనే 108కు ఫోన్ చెయ్యాలి. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే హఠాత్తుగా చనిపోయినప్పుడు జిమ్‌లు మంచివా కావా అన్న చర్చ మన దగ్గరా నడిచింది. ఛాతీ బరువును గ్యాస్ అనుకోవడం మానాలన్న చర్చ అంతగా నడవలేదు. కీలు ఒక్కసారిగా వాచినా, బిగుసుకుపోయినా, 'టప్' మని చప్పుడై కాలు మోపలేకపోయినా, ఎముక మీద ఒక్కచోటే పోటు పెడుతూ రాత్రి నిద్రలోనూ వదలకపోయినా, నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా కూడా రూపాయి లెక్క పనిచేయదు, డాక్టరే చూడాలి.

కానీ ఈ జాబితా ఎంత ఉందో చూడండి. ఒక చిన్న పేరాలో సరిపోయింది. బండి నడిపేవాడికి ఎర్రదీపం అంటే ఏమిటో నేర్పడం కష్టమని చెప్పి బండే నడపొద్దనం. పైగా తీర్పు ఇప్పటికే మామూలు మనుషుల చేతుల్లో ఉంది. నొప్పి పుట్టిన ప్రతి నడకరీ డాక్టరు దగ్గరికి పరుగెత్తడం లేదు. మందుల షాపు కుర్రాడిని అడిగి నొప్పి బిళ్ల కొనుక్కుంటున్నాడు. అది వేసుకుని మళ్లీ నడుస్తున్నాడు. బిళ్ల కాపలా కుక్క నోరు కడుతుంది, దొంగను పట్టదు. 2017లో 80 కిలోమీటర్ల పరుగుపందెంలో పాల్గొన్నవాళ్లకు కొందరికి ఐబుప్రొఫెన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చేసిన పరిశోధన వెలువడింది. ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 34 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. చెమటతో నీరు పోయిన ఒంట్లో ఆ బిళ్ల చేసే పని వేరు.

ఈ వాదనకు నిజంగా లొంగనివాళ్లు మరికొందరున్నారు. మధుమేహం ఉన్నవాళ్లు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో వీళ్లు 10.1 కోట్ల మంది. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేనివాళ్లకు పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. బూటులో రాయి గుచ్చుకున్నా, బొబ్బ లేచి చితికినా తెలియదు. గుండెకు రక్తం అందకపోయినా ఛాతీ నొప్పి రాకుండా, ఒట్టి ఆయాసంతోనో చెమటతోనో సరిపెట్టవచ్చు. నొప్పి లేదు కాబట్టి బాగానే ఉన్నట్టు అనుకోవడం వీళ్ల విషయంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. మర్నాటి దాకా కాదు, నడిచి ఇంటికి రాగానే సాక్సు విప్పి అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకుని అయినా సరే.

నా ఫిర్యాదు ఎక్కువగా చీటీ రాసేవాళ్ల మీదే. మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రా, తినకముందా తిన్నాకా, ఎన్నాళ్లు అని వివరంగా రాసే డాక్టరు, దాని కిందే 'వాకింగ్ చేయండి' అని ఒక్క ముక్క రాసి సంతకం పెడతారు. మోతాదు లేదు, ఎంత నొప్పి వస్తే ఫర్వాలేదో లేదు. ఆవిడ నడుస్తుంది, నొప్పి వస్తుంది, చీటీలో ఏమీ లేదు కాబట్టి పక్కింటావిడ మాట విని మానేస్తుంది. ఓపీలో రోగికి దొరికేది కొద్ది నిమిషాలేనని తెలుసు. రాయడానికి అయిదు వాక్యాలు చాలు, ముందే అచ్చు వేయించుకుని పెట్టుకున్నా ఫర్వాలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. నొప్పి అర్ధరూపాయి దాటితే కుర్చీలో దిండు వేసుకుని ఎత్తు పెంచండి. మర్నాడు పొద్దున ఎక్కువైతే 6 సార్లకు దించండి, మానకండి. మోకాలు వాచినా బిగుసుకున్నా వెంటనే రండి. లేకపోతే రెండు వారాలయ్యాక ఈ చీటీ పట్టుకుని, ఎన్నిసార్లు చేయగలుగుతున్నారో దీని వెనక రాసుకుని రండి.